పీపాలో గడిచిన ఏళ్లు

కెనడా తూర్పు అంచున, నోవా స్కోషియా ప్రావిన్సులో భాగమైన కేప్ బ్రెటన్ ద్వీపంలో, మాబూ, ఇన్వర్నెస్ అనే రెండు చిన్న ఊళ్ల నడుమ గ్లెన్‌విల్ అనే పల్లె ఉంది. స్కాట్లండ్ ఎత్తుసీమలనుంచి, ఆ పడమటి దీవులనుంచి 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వేల కుటుంబాలు వలస వచ్చి ఈ ద్వీపంలో స్థిరపడ్డాయి. వాళ్ల గేలిక్ భాష, ఫిడేలు సంగీతం, ఇంటిపేర్లు ఇక్కడ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1990లో బ్రూస్ జార్డైన్ అనే వ్యాపారి ఈ పల్లెలో ఒక వాగు పక్కన గ్లెనోరా డిస్టిలరీని నెలకొల్పి, మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే, రాగి బట్టీలలో, స్కాట్లండ్ పద్ధతిలోనే విస్కీ కాయించడం మొదలుపెట్టాడు. ఆ సరుకు పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉండి ‘గ్లెన్ బ్రెటన్ రేర్’ అనే పేరుతో బజారుకు వచ్చేసరికి 2000 సంవత్సరం అయింది. ఆ వెనకే వివాదమూ వచ్చింది.

స్కాట్లండ్ విస్కీ ఉత్పత్తిదారుల సంఘమైన స్కాచ్ విస్కీ అసోసియేషన్ అభ్యంతరం సీసాలోని ద్రవం గురించి కాదు, సీసా మీది ఒక్క మాట గురించి. గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్, గ్లెన్‌మోరంజీ వంటి పేర్లకు అలవాటుపడిన కెనడా కొనుగోలుదారు ‘గ్లెన్’ అన్న మాట కనబడగానే అది స్కాట్లండ్ సరుకే అనుకుంటాడనీ, అందుచేత కేప్ బ్రెటన్ విస్కీకి ఆ పేరును వ్యాపారచిహ్నంగా నమోదు చెయ్యరాదనీ సంఘం వాదించింది. సీసా మీద ఎర్రటి మేపుల్ ఆకు బొమ్మ ఉన్నదనీ, ‘కెనడా’ అని స్పష్టంగా రాసి ఉన్నదనీ డిస్టిలరీ బదులిచ్చింది. 2008లో ఫెడరల్ కోర్టు సంఘం పక్షాన తీర్పు ఇవ్వగా, 2009 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. అదే ఏడాది జూన్‌లో కెనడా సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి నిరాకరించడంతో వ్యాజ్యం ముగిసింది. గెలిచినవాళ్లు ఊరుకోలేదు, మరుసటి ఏడాది విడుదల చేసిన పదిహేనేళ్ల విస్కీకి ‘బాటిల్ ఆఫ్ ది గ్లెన్’ అని పేరు పెట్టుకున్నారు.

ఈ వ్యాజ్యంలో రెండు పక్షాలూ ఒప్పుకున్న విషయం ఒకటి ఉంది: తాగేవాడు మొదట చదువుతాడు, ఆ తరవాతే వాసన చూస్తాడు. పేరు చదివి దేశాన్ని ఊహించినట్టే, అంకె చదివి రుచిని ఊహిస్తాడు. పది, పన్నెండు, పద్ధెనిమిది, పాతిక అని సీసా మీద అచ్చువేసిన అంకె పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది, ధరతోపాటు మర్యాదా పెరుగుతుంది. ఆ అంకె దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో తెలుసుకోకుండా పాత విస్కీలను పోల్చిచూడటం సాధ్యం కాదు.

ముందు మాటల సంగతి. ‘మాల్ట్’ అంటే నీళ్లలో నానబెట్టి, మొలకెత్తనిచ్చి, మొలక పెరగకుండా వేడితో ఎండబెట్టిన ధాన్యం. ‘సింగిల్’ అనేది ఒకే పీపాను కాదు, ఒకే డిస్టిలరీని సూచిస్తుంది; కాబట్టి ఒక సింగిల్ మాల్ట్ సీసాలో పదుల పీపాల సరుకు కలిసి ఉండవచ్చు. అలా కలిపినప్పుడు స్కాచ్ చట్టం ప్రకారం సీసా మీద వెయ్యదగిన వయసు ఆ మిశ్రమంలో అన్నిటికన్నా చిన్నదాని వయసే. పన్నెండు అని రాసి ఉన్న సీసాలో ఇరవయ్యేళ్ల విస్కీ కూడా కొంత ఉండవచ్చు గాని, పదకొండేళ్లది ఒక్క చెంచా ఉండటానికి వీల్లేదు. పైగా ఆ లెక్క పీపాలో గడిపిన కాలానికే వర్తిస్తుంది, గాజులోకి మారిన రోజున ఆగిపోతుంది. తాతగారు కొని బీరువాలో దాచిన పన్నెండేళ్ల సీసా ముప్పయ్యేళ్ల తరవాత తీసినా పన్నెండేళ్లదే. సీసాలోనూ ముదిరే సదుపాయం ద్రాక్షసారాకు ఉంది గాని విస్కీకి లేదు.

స్కాట్లండ్‌లోనూ కెనడాలోనూ చట్టం కనీస నిలవను మూడేళ్లుగా, పీపా పరిమాణాన్ని 700 లీటర్లకు మించకుండా నిర్ణయించింది. నిలవ ఉంచడాన్ని చట్టంతో తప్పనిసరి చేయడంలో కెనడాయే ముందుంది. 19వ శతాబ్ది ముగియకముందే అక్కడ ఆ నియమం అమలులోకి రాగా, బ్రిటన్‌లో అది మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 నాటి చట్టంతో వచ్చింది. ఈ రెండు చోట్లా ఏలికలను కదిలించింది రుచిమీది ప్రేమ కాదు, పన్నులూ తాగుబోతుల గొడవలూ. ఒక మంచి అలవాటు ఇలా గుమాస్తాల పుణ్యాన స్థిరపడటం చరిత్రలో కొత్తేమీ కాదు.

బట్టీనుంచి అప్పుడే దిగిన ద్రవానికి రంగు ఉండదు. రెండుసార్లు కాచిన ఆ సారాలో దాదాపు 70 శాతం ఆల్కహాలు ఉంటుంది. పచ్చి ధాన్యం, పండ్లు, ఉడికించిన కాయగూరలు, ఒక్కోసారి అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే గంధకం వాసనలు దానిలో పైకి తేలుతుంటాయి. నీళ్లు కలిపి దాన్ని సాధారణంగా 63.5 శాతానికి తగ్గించి ఓక్ పీపాల్లోకి పోస్తారు. అక్కడినుంచి మూడు పనులు ఏకకాలంలో మొదలవుతాయి.

మొదటిది తీసివేత. పీపా లోపలి గోడను నింపేముందే మంటతో కాలుస్తారు. ఆ మాడిన బొగ్గుపొర గంధకపు సంయోగాలను పీల్చుకుంటుంది, పచ్చి సారాలోని మొరటుతనం మొదటి రెండు మూడేళ్లలో తగ్గడానికి ఇదే ముఖ్యకారణం. రెండోది కూడిక. చెక్కను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కాలినప్పుడు విడివడి వెనిలిన్‌గా, మరికొన్ని సువాసన సంయోగాలుగా మారుతుంది. ఐస్‌క్రీముల్లో అందరికీ పరిచయమైన వెనిలా వాసన ఇదే. హెమిసెల్యులోజ్ అనే మరో పదార్థం కాలి పాకం, వేయించిన బాదం వాసనలను ఇస్తుంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసనను, యూజినాల్ లవంగం ఘాటును, టానిన్లు కరక్కాయ నమిలినప్పటి వగరును తెస్తాయి. మూడోది, అన్నిటికన్నా నెమ్మదైనది, మార్పు. చెక్క రంధ్రాల గుండా చొరబడే ఆక్సిజన్ ఆల్కహాలులో కొంత భాగాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది, ఆ ఆమ్లాలు మిగిలిన ఆల్కహాలుతో కలిసి ఎస్టర్లనే సంయోగాలు ఏర్పడతాయి, పండిన అరటి, అనాస, యాపిల్ వంటి వాసనలు వీటివే.

తీసివేత త్వరగా ముగుస్తుంది. కూడిక మొదట వేగంగా సాగి, చెక్కలోని సారం తరిగేకొద్దీ మందగిస్తుంది. మార్పు మాత్రం దశాబ్దాలు నడుస్తుంది. అందుకే వయసూ రుచీ ఒకే నిష్పత్తిలో పెరగవు. కొత్త పీపాలో పదిహేనేళ్లు ఉన్న విస్కీ, ఊట మితిమీరిన ఆవకాయలో ముక్క రుచి పోయి కారమూ ఉప్పూ మాత్రమే మిగిలినట్టు, బార్లీ జాడ లేకుండా వట్టి చెక్కరుచిగా మిగలవచ్చు. అదే విస్కీ మూడోసారి వాడుతున్న పాత పీపాలో ముప్పయ్యేళ్లున్నా లేత పసుపు రంగులో, పూలవాసనతో బయటికి రావచ్చు. అమెరికా చట్టం బోర్బన్ అనే అక్కడి విస్కీకి ప్రతిసారీ కొత్త కాల్చిన ఓక్ పాత్రే వాడాలంటుంది గనక, ఒకసారి వాడి పక్కన పెట్టిన పీపాలు లక్షల సంఖ్యలో స్కాట్లండ్‌కూ కెనడాకూ చేరుతుంటాయి. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారాతో నాని వచ్చిన పీపాలు ఎండుద్రాక్ష, అంజూరం వాసనలను ఇస్తాయి. గ్లెనోరా ఇంకో అడుగు వేసి, తీగ మీదే మంచుకు గడ్డకట్టిన ద్రాక్షను పిండి చేసే ఐస్‌వైన్ పీపాల్లో తన విస్కీని ఉంచి ‘గ్లెన్ బ్రెటన్ ఐస్’ తయారుచేసింది. కెనడాకు ప్రత్యేకమైన ప్రయోగం ఏదైనా ఉంటే ఇదే అనవచ్చు. మేపుల్ ఆకు బొమ్మ ఏ సీసాకైనా అతికించవచ్చు గాని, మంచు ద్రాక్ష అన్నిచోట్లా దొరకదు.

పాత పీపాల మహిమకు కెనడాలోనే మరో సాక్ష్యం ఉంది. దేశం 150వ వార్షికోత్సవం జరుపుకున్న 2017లో కెనడియన్ క్లబ్ సంస్థ 1977లో కాచిన నలభయ్యేళ్ల విస్కీని విడుదల చేసింది. అది మాల్ట్ కాదు, మొక్కజొన్న విస్కీ. అయినా చెక్క దాన్ని మింగెయ్యకుండా నలభయ్యేళ్లు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం, సారం చాలావరకు ముందే కరిగిపోయిన పాత పీపాలలోనూ చలిదేశపు గోదాములలోనూ ఉంది.

చలి సంగతి కాస్త ఆగి చూడవలసినది. పీపా గాలి చొరని పాత్ర కాదు. చెక్కగుండా నీరూ ఆల్కహాలూ నిత్యం ఆవిరవుతూనే ఉంటాయి, ఈ నష్టాన్ని విస్కీ వ్యాపారంలో దేవదూతల వాటా అంటారు. స్కాట్లండ్‌లో అది ఏడాదికి సుమారు 2 శాతం. ఆ లెక్కన 200 లీటర్ల పీపాలో ఇరవయ్యేళ్ల తరవాత దాదాపు 133 లీటర్లు మిగులుతాయి. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ గోదాముల్లో ఈ నష్టం ఏడాదికి 10 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. 11 శాతం అనుకుంటే అదే పీపాలో అయిదేళ్లకే సుమారు 112 లీటర్లు, పదేళ్లకు 62 లీటర్లు మాత్రమే ఉంటాయి. 2004లో గ్లాస్గో నగరంలో తన సింగిల్ మాల్ట్‌ను ప్రవేశపెట్టిన అమృత్, తరవాత ఎనిమిదేళ్లు నిలవ ఉంచిన ఒక విస్కీకి ‘గ్రీడీ ఏంజెల్స్’, అంటే అత్యాశ దేవదూతలు, అని పేరు పెట్టడంలో హాస్యంతోపాటు అంకగణితమూ ఉంది. వేడిలో రసాయనచర్యలు వేగంగా జరుగుతాయి, చెక్కలోని సారం తొందరగా దిగుతుంది. అందుచేత అయిదేళ్ల బెంగళూరు విస్కీ రంగులో, చెక్కరుచిలో పదిహేనేళ్ల స్కాచ్‌ను తలపించవచ్చు. అయితే నెమ్మదిగా నడిచే ఆక్సీకరణానికి దొరికిన సమయం మాత్రం అయిదేళ్లే. ఒకటి మరొకదానికి సమానమని లెక్కకట్టే సూత్రాలు ప్రచారపత్రాల్లో కనిపిస్తాయి గాని రసాయనశాస్త్రం వాటిని సమర్థించదు.

కెనడా పరిస్థితి ఈ రెండింటికీ భిన్నం. స్కాట్లండ్‌లో సముద్రపు గాలివల్ల చలికాలానికీ ఎండకాలానికీ తేడా తక్కువ. కెనడాలో వేడి చెయ్యని గోదాములో జనవరి ఉష్ణోగ్రత సున్నాకు చాలా దిగువకు పోతుంది, జూలైలో ముప్పైకి చేరుకుంటుంది. వేసవిలో వ్యాకోచించిన ద్రవం చెక్కలోకి ఇంకుతుంది, చలికాలంలో సంకోచించి వెనక్కి వస్తుంది, ఆ నెలల్లో చర్యలు దాదాపు నిద్రపోతాయి. కాబట్టి కేప్ బ్రెటన్‌లో గడిచిన పదేళ్లూ, స్కాట్లండ్ ఐలా దీవిలో గడిచిన పదేళ్లూ, బెంగళూరులో గడిచిన పదేళ్లూ పంచాంగంలో మాత్రమే ఒకటి. గాలిలో తేమ కూడా తన పని తాను చేస్తుంది: తేమ ఎక్కువున్న చోట ఆల్కహాలు ఎక్కువగా ఆవిరై ఘాటు తగ్గుతుంది, పొడిగాలిలో నీరు ఎక్కువగా పోయి ఘాటు పెరుగుతుంది.

ఇంతవరకు పీపా కథ. ఇక గ్లాసు దగ్గర జరిగే కథలో ముఖ్యపాత్ర నాలుకది కాదు, ముక్కుది. నాలుక గుర్తించేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు కమ్మదనం అనే అయిదింటినే. మనిషి ముక్కు లోపల సుమారు 400 రకాల గంధగ్రాహకాలు ఉంటాయి. వాటి జన్యువులను కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. గుటక వేశాక గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎగబాకే ఆవిరినే జనం రుచి అనుకుంటారు. అందుకే వృత్తినిపుణులు విస్కీని తాగడం కన్నా వాసన చూడటమే ఎక్కువ. రోజూ పదుల నమూనాలు పరీక్షించేవాళ్లు తాగితే సాయంత్రానికి ఉద్యోగం మిగలదు.

వాళ్లు ప్రతి నమూనానూ నీళ్లు కలిపి సుమారు 20 శాతానికి తగ్గించి పరీక్షిస్తారు. ఆల్కహాలు ఎక్కువగా ఉన్నప్పుడు అది ముక్కులోని నొప్పినాడులను మండించి, మిగిలిన వాసనలను కప్పేస్తుంది. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్‌లు 2017లో కంప్యూటరు నమూనాలతో మరో కారణాన్ని సూచించారు. పొగవాసనకు మూలమైన గ్వయకాల్ అనే అణువు, ఆల్కహాలు 45 శాతం వరకు ఉన్నప్పుడు ద్రవం ఉపరితలం దగ్గర చేరుతుందనీ, 59 శాతం దాటితే లోపలికి మునిగిపోతుందనీ వాళ్ల లెక్కల్లో తేలింది. ఉపరితలం దగ్గర ఉన్నదే ముక్కుకు అందుతుంది. నీళ్లు కలపడం విస్కీకి అవమానమని భావించే శుద్ధాచారులు ఈ అధ్యయనాన్ని ఎలా స్వీకరించారన్నది వేరే చర్చ.

ఒకే డిస్టిలరీ నుంచి వచ్చిన వేర్వేరు వయసుల విస్కీలను పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకోవడానికి అత్యుత్తమ మార్గం. ఐలా దీవిలోని లాగవూలిన్ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ బార్లీని పీట్ పొగతో ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడినేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని గడ్డకట్టిన, పూర్తిగా కుళ్లని మొక్కల మన్ను. ఆ పొగలోని ఫినాల్ అనే సంయోగాలు ధాన్యానికి అంటుకుని చివరిదాకా విస్కీని వదలవు, కాని పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. లాగవూలిన్ ఎనిమిదేళ్ల విస్కీలో పొగ పచ్చిగా, తారువాసనతో ముక్కుకు తగలడం, పదహారేళ్లదానిలో అదే పొగ తీపితో, ఎండుపండ్ల వాసనతో కలిసి వెనక్కి జరగడం మామూలు. అయితే ఇక్కడొక ఉచ్చు పొంచి ఉంది. ఎనిమిదేళ్లది 48 శాతం ఆల్కహాలుతో, పదహారేళ్లది 43 శాతంతో సీసాలోకి వస్తాయి. రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే పరీక్షకుడు వయసును పోలుస్తున్నాననుకుంటూ ఘాటును పోలుస్తాడు. మొదటిదానిలో 20 మిల్లీలీటర్లకు రెండు మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు కలిపితే ఈ తేడా పోతుంది. మందుల దుకాణంలో దొరికే సూదిలేని సిరంజి ఈ పనికి చాలు.

రంగు ఇంకా పెద్ద మోసగత్తె. ముదురు రంగు చూడగానే మెదడు పాత విస్కీ అని తీర్మానిస్తుంది, స్కాచ్ చట్టమేమో మామూలు కారమెల్ రంగు కలపడానికి అనుమతిస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్దో నగరంలో జరిగి 2001లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో, తెల్ల ద్రాక్షసారాకు వాసనలేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ద్రాక్షసారా శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులు ఎర్ర సారాకు వాడే మాటలతో దాన్ని వర్ణించారు. వాళ్లు అబద్ధమాడలేదు, కన్ను చెప్పినదే ముక్కు విన్నది. అందుకే నిపుణులు నీలిరంగు గాజు గ్లాసులు వాడతారు.

పోలికను నమ్మదగినదిగా చేసే సులభమైన పద్ధతి త్రికోణ పరీక్ష. మూడు గ్లాసుల్లో రెండింట ఒకే విస్కీ, మూడోదానిలో వేరొకటి, పరీక్షకుడికి తెలియకుండా పోసి, వేరుగా ఉన్నదేదో చెప్పమంటారు. గుడ్డిగా ఊహించినా మూడింట ఒకసారి సరైన జవాబు వస్తుంది. వరసగా అయిదుసార్లు అలా రావడానికి అవకాశం 243లో ఒకటి. పన్నెండేళ్లదానికీ పద్ధెనిమిదేళ్లదానికీ ఉన్న తేడామీద గంటసేపు ఉపన్యసించగలవాళ్లు ఈ పరీక్షలో తడబడటం అరుదు కాదు. ముక్కు త్వరగా అలసిపోతుంది కూడా. ఒకే వాసనను ఎడతెగకుండా పీలిస్తే అది తెలియకుండా పోతుంది, కాబట్టి ఒక విడతలో నాలుగయిదు నమూనాలకు మించితే పోలిక పనికిరాదు. వయసు పెరిగినంత మాత్రాన ఆల్కహాలు చేసే హాని తగ్గదు. కెనడాలో ఆరోగ్యనిపుణులు 2023లో వెలువరించిన మార్గదర్శకాలు వారానికి రెండు ప్రమాణ పానీయాల లోపును మాత్రమే తక్కువ ప్రమాదంగా పరిగణించాయి, 40 శాతం విస్కీలో ఒక ప్రమాణ పానీయమంటే 43 మిల్లీలీటర్లు.

వయసును ముక్కు తేల్చలేనిచోట భౌతికశాస్త్రం తేలుస్తుంది. 1950, 60 దశకాల్లో అణ్వస్త్ర పరీక్షలవల్ల వాతావరణంలో రేడియోధార్మిక కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తరవాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. బార్లీ ఏ ఏడాది పండిందో ఆ ఏటి గాలిలోని పాళ్లే దాని పిండిపదార్థంలో, అక్కడినుంచి ఆల్కహాలులో నమోదవుతాయి; పీపాలో ఎన్నేళ్లున్నా ఆ సంతకం చెరగదు. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరిశోధన కేంద్రం ఈ పద్ధతిలో 55 అరుదైన పాత సీసాలను పరీక్షించగా, 21 సీసాలు పూర్తిగా నకిలీవో, చెప్పిన ఏట కాచనివో అని 2018లో తేలింది.

అంతకు ముందటి ఏడాది స్విట్జర్లండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటలు, 1878 నాటి మకాలన్ అనే స్కాట్లండ్ సింగిల్ మాల్ట్‌గా రాసి ఉన్న సీసా విప్పి, చైనానుంచి వచ్చిన ఒక అతిథికి ఒక్క గ్లాసును దాదాపు 10,000 స్విస్ ఫ్రాంకులకు అమ్మింది. అనుమానం పుట్టింది రుచిచూసినవాళ్లకు కాదు. పత్రికల్లో వచ్చిన ఫొటోలో బిరడానూ చీటీనీ గమనించిన నిపుణులకు. నమూనాను పరీక్షకు పంపగా, అది 1970 నుంచి 1972 లోపల కాచినదనీ, అందులో 60 శాతం మాత్రమే మాల్ట్ అనీ, మిగిలినది ఇతర ధాన్యపు విస్కీ అనీ తేలింది. అంటే అది పాతదీ కాదు, సింగిల్ మాల్టూ కాదు. హోటలు నిర్వాహకుడు చైనా వెళ్లి అతిథికి సొమ్ము తిరిగి ఇచ్చి వచ్చాడు.